లుసాకాలో పెరిగిన అమ్మాయికి ఆఫ్రికా వాణిజ్యంలో చోటుందా?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్న చాలా ఏళ్లుగా జాంబియా రాజధాని లుసాకాలో మందుల పంపిణీ సంస్థలో పనిచేస్తున్నారు. హైదరాబాద్‌లో తయారైన మందులను తెప్పించి అక్కడి ఆసుపత్రులకు, దుకాణాలకు సరఫరా చేస్తారు. నేను పదో తరగతి దాకా లుసాకాలోనే చదివాను. ఇంటర్ నుంచి హైదరాబాద్. ఇప్పుడు ఎం.ఏ. ఎకనామిక్స్ పూర్తయింది. వయసు 23. సెమినార్ కోసం నైజీరియా ఆర్థికవేత్త అడెబాయో అడెడెజి గురించి చదివినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఆఫ్రికా దేశాల మధ్య వాణిజ్య సహకారం కోసం పనిచేసే సంస్థలో చేరాలని, ఎప్పటికైనా కోమెసా (తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల ఉమ్మడి మార్కెట్) లాంటి సంస్థకు సారథ్యం వహించాలని కోరిక. అమ్మ బ్యాంకు పరీక్షలు రాయమంటోంది. అన్నయ్య అమెరికా వెళ్లి డేటా అనలిటిక్స్ చదవమంటున్నాడు. నాన్నేమో "మనది కాని చోట మన మాట ఎవరు వింటారమ్మా?" అంటున్నారు. భారతీయ పాస్‌పోర్టుతో ఇది అయ్యే పనేనా? అడెడెజి లాంటివారు ఆ స్థాయికి ఎలా చేరారు? నేను ఇప్పుడు ఏం చేయాలి?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: ముందు పాస్‌పోర్టు సంగతి తేల్చేద్దాం. దాని మీద ఆశ పెట్టుకుని ఏళ్లు పోగొట్టుకోకూడదు. కోమెసా ప్రధాన కార్యదర్శి పదవి దాని 21 సభ్యదేశాల పౌరులకే. సచివాలయంలోని నిపుణుల ఉద్యోగాలు కూడా సభ్యదేశాల వారికే ఇస్తారు. అబూజాలోని ఎకోవాస్ (పశ్చిమ ఆఫ్రికా దేశాల ఆర్థిక సముదాయం), అక్రాలోని ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంత సచివాలయం, ఇలా ఎక్కడ చూసినా నాయకత్వం ఆఫ్రికా పౌరులదే. మీరు భారత పౌరురాలిగా ఉన్నంతకాలం ఆ కుర్చీ మీకు దక్కదు. ఇందులో అన్యాయమేమీ నాకు కనిపించదు. తమ సరిహద్దులను పరాయివాళ్లు గీసిపోతే, ఆ గీతల వల్ల కలిగే నష్టాన్ని తగ్గించుకోవడానికి ఆ దేశాలు పెట్టుకున్న సంస్థలవి. వాటి తరఫున మాట్లాడేది వాళ్లే అయి ఉండాలి.

కానీ మీ ఉత్తరంలో నన్ను ఆకట్టుకున్నది కుర్చీ మీద కోరిక కాదు. అడెడెజి గురించి చదివి కదిలిపోయారు చూడండి, అది. ఆయన చేసిన పనిలో అధిక భాగం ఏ దేశపు పాస్‌పోర్టు ఉన్నవారైనా చేయగలిగినదే. అందుకే ఆయన గురించి కాస్త వివరంగా చెబుతాను. సెమినార్ పేపర్లలో ఆయన పేరు పక్కన పదవులు మాత్రమే కనిపిస్తాయి. ఆ పదవుల్లో రోజూ ఏం చేశారన్నది అంతగా కనిపించదు.

అడెడెజి 1930 డిసెంబరు 21న నైజీరియాలోని ఇజెబు ఓడెలో పుట్టారు. ఇబాదాన్, లెస్టర్, హార్వర్డ్, లండన్‌లలో చదివారు. ఈ పేర్లు చూసి బెంగ పెట్టుకోకండి. నాకు వాటికంటే ముఖ్యంగా తోచేది ఆయన తొలి ఉద్యోగం. నైజీరియా పశ్చిమ ప్రాంత ప్రభుత్వంలో ప్రణాళికా శాఖ అధికారిగా పనిచేశారు. ఆ తర్వాతే ఇఫే విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. 1970లో ఒక పరిశోధన పత్రికలో పశ్చిమ ఆఫ్రికా ఆర్థిక సహకారానికి ఉన్న అవకాశాల గురించి వ్యాసం రాశారు. మరుసటి ఏడాదే, నైజీరియా నుంచి విడిపోవడానికి బయాఫ్రా ప్రాంతం చేసిన యుద్ధం ముగిసి ఇంకా రెండేళ్లు నిండకముందే, అప్పటి దేశాధినేత జనరల్ గవోన్ ఆయనను ఆర్థిక పునర్నిర్మాణ శాఖ మంత్రిగా తీసుకున్నారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. కాగితం మీద రాసిన ఆలోచనను నిజం చేసి చూపించాల్సిన చోట నిలబడ్డారు.

అప్పటి పశ్చిమ ఆఫ్రికాను ఒకసారి ఊహించుకోండి. దాదాపు సగం జనాభా ఒక్క నైజీరియాదే, పైగా చమురు డబ్బు. చుట్టూ ఎక్కువగా ఫ్రెంచి మాట్లాడే చిన్న దేశాలు. పెద్దన్నతో పొత్తు కుదిరితే మింగేస్తాడని వాటి భయం. ఫ్రాన్స్ ఆ భయాన్ని పోగొట్టే ప్రయత్నమేమీ చేయలేదు. ఐవరీ కోస్ట్ అయితే యుద్ధకాలంలో, 1968లో, బయాఫ్రాను ప్రత్యేక దేశంగా గుర్తించింది కూడా. నైజీరియాను చీల్చాలనుకున్న పక్షం వైపు నిలబడిన ఆ ప్రభుత్వం దగ్గరికే ఇప్పుడు నైజీరియా మంత్రి వెళ్లి, సుంకాలు ఎత్తేసుకుందాం రండి అని అడగాలి. ఇంతలో 1973లో ఫ్రెంచి దేశాలు తమకంటూ వేరే ఆర్థిక సముదాయ ఒప్పందంపై సంతకాలు చేసుకున్నాయి.

అడెడెజి ముందుగా ఒక్క దేశాన్ని పట్టుకున్నారు. చిన్న దేశం, ఫ్రెంచి మాట్లాడే దేశం: టోగో. 1972లో నైజీరియా, టోగో కలిసి తొలి అడుగు వేశాయి. పొత్తు నైజీరియా ఒక్కదానిదే కాదని చూపడానికి ఇది పనికొచ్చింది. 1973 జూలై, ఆగస్టు నెలల్లో ఈ రెండు దేశాల బృందం 12 రాజధానులు తిరిగింది. ఆ ప్రయాణమే నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. అందరినీ అప్పటి తన రాజధాని లేగోస్‌కు పిలిపించి తీర్మానం చదివించే ధీమా నైజీరియాకు ఉంది, స్తోమతూ ఉంది. అలా చేయకుండా ఒక్కొక్కరి గుమ్మానికీ వెళ్లి, ముసాయిదా చూపించి, అభ్యంతరాలు విని, రాసుకుని వచ్చారు. ఆ తర్వాత అధికారుల సమావేశాలు, మంత్రుల సమావేశాలు. చివరికి 1975 మే 28న లేగోస్‌లో 15 దేశాలు ఎకోవాస్ ఒప్పందంపై సంతకం చేశాయి. వాటిలో తొమ్మిది ఫ్రెంచి దేశాలు, అయిదు ఇంగ్లిష్ దేశాలు, ఒకటి పోర్చుగీస్ దేశం. వ్యాసం అచ్చయిన నాటి నుంచి సంతకాల దాకా అయిదేళ్లు పట్టింది. ఈ రంగంలో అది మెరుపు వేగం!

ఆ వెంటనే, 1975లోనే, ఆయన అడిస్ అబాబాలోని ఐక్యరాజ్యసమితి ఆఫ్రికా ఆర్థిక కమిషన్‌కు అధిపతిగా వెళ్లి 1991 వరకు ఉన్నారు. మీ లుసాకా కథ ఇక్కడే కలుస్తుంది. కమిషన్ తరఫున ఖండంలోని అయిదు చోట్ల ప్రాంతీయ కేంద్రాలు పెట్టించారు. వాటిలో ఒకటి లుసాకాలో. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల మధ్య సుంకాలు తగ్గించే చర్చలు ఆ కేంద్రం ఆధ్వర్యంలోనే నడిచి, 1981 డిసెంబరు 21న, సరిగ్గా ఆయన పుట్టినరోజు నాడు, లుసాకాలో ప్రిఫరెన్షియల్ ట్రేడ్ ఏరియా ఒప్పందం కుదిరింది. దాన్ని పీటీఏ అనేవారు. 1994లో అదే కోమెసాగా మారింది. మీరు పెరిగిన ఊళ్లో ఆ కార్యాలయం ఉండటానికి మూలం అక్కడుంది.

ఆయన ఓడిపోయిన సందర్భాలు కూడా తెలుసుకోండి. 1980లో ఆఫ్రికా దేశాధినేతలు ఆమోదించిన లేగోస్ కార్యాచరణ ప్రణాళిక వెనుక ఆయనే ఉన్నారు. ఆఫ్రికా ముడిసరుకు ఎగుమతుల మీదే బతకకుండా తమలో తాము పండించుకుని, తయారుచేసుకుని, ఇచ్చిపుచ్చుకోవాలన్నది దాని సారం. మరుసటి ఏడాదే ప్రపంచ బ్యాంకు నివేదిక దానికి దాదాపు ఎదురు దారి చూపించింది. అప్పుల్లో మునిగిన ప్రభుత్వాలు అప్పిచ్చేవాడి మాటే విన్నాయి. 1989లో అడెడెజి బృందం ప్రపంచ బ్యాంకు సంస్కరణలకు ప్రత్యామ్నాయ పథకాన్ని తయారుచేసింది. వ్యయాల కోత పేరుతో బడి, ఆసుపత్రి మూతపడకూడదని వాదించింది. చర్చ గట్టిగానే జరిగింది, డబ్బు మాత్రం అటు నుంచి ఇటు రాలేదు. ఇలాంటి పదేళ్ల ఓటమిని తట్టుకుని మళ్లీ ఫైలు తెరవగలరా అని మిమ్మల్ని మీరు అడగండి. అడెడెజి తెరిచారు. కమిషన్ నుంచి దిగిపోయాక సొంతూరు ఇజెబు ఓడెలో అధ్యయన కేంద్రం పెట్టుకుని పనిచేశారు. ఆఫ్రికా దేశాలు ఒకదాని పాలనను మరొకటి సమీక్షించుకునే యంత్రాంగానికి పెద్దల మండలి అధ్యక్షుడిగా కొన్నాళ్లు ఉన్నారు. 2018లో కన్నుమూశారు.

ఆయన కట్టిన ఇల్లు కూడా ఇప్పుడు కుదుపుల్లో ఉంది. మాలి, బుర్కినా ఫాసో, నైజర్ సైనిక ప్రభుత్వాలు 2025 జనవరి 29న ఎకోవాస్ నుంచి బయటికి వెళ్లిపోయాయి. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు, తాము జీవితమంతా పెట్టి కట్టినది ఒక్క సంతకంతో కూలిపోవచ్చని ముందే తెలుసుకుని రావాలి.

అందరూ అడెడెజిలా మంత్రి పదవి మీదుగా రాలేదు. కెన్యాకు చెందిన ఎరాస్టస్ మ్వెంచా దారి మీలాంటివారికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది. ప్రభుత్వ పరిశ్రమల శాఖలో పనిచేసి, 1980ల్లో లుసాకా వచ్చి పీటీఏలో పరిశ్రమల నిపుణుడిగా చేరారు. అక్కడే మెట్టు మెట్టుగా ఎదిగి 1998 నుంచి 2008 దాకా కోమెసా ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. ఆ కాలంలోనే, 2000 అక్టోబరు 31న, తొమ్మిది దేశాలతో కోమెసా స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం మొదలైంది. తర్వాత ఆఫ్రికన్ యూనియన్ కమిషన్‌కు ఉపాధ్యక్షులయ్యారు. ఆయన గురించి పెద్ద పెద్ద కథలేమీ ప్రచారంలో లేవు. ఒకే సంస్థలో, ఒకే విషయం మీద దశాబ్దాలు కూర్చున్న మనిషి. నన్నడిగితే మీరు చదవాల్సిన జీవితం అదే.

భారతదేశంతో సంబంధం ఉన్న మరో పేరు బింగు వా ముతారికా. మలావి నుంచి 1960ల్లో స్కాలర్‌షిప్ మీద ఢిల్లీకి వచ్చి శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్‌లో, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివారు. 1991లో పీటీఏ పగ్గాలు పట్టి, అది కోమెసాగా మారే దశను నడిపించారు. 1997లో ఆయనను ఆ పదవి నుంచి తప్పించారు. 2004లో మలావి అధ్యక్షుడై, ఎరువుల రాయితీతో మొక్కజొన్న దిగుబడి పెంచి పేరు తెచ్చుకున్నారు. 2011లో నిరసనకారులపై కాల్పులతో ఆ పేరు పోగొట్టుకున్నారు. చదువు, అనుభవం ఉన్నంత మాత్రాన అధికారం మనిషిని చెడగొట్టదనుకోవడానికి లేదు. ఆయన గురించి ఇక్కడితో చాలు.

ఇప్పుడు పని ఎలా ఉంటుందో చూద్దాం. ప్రాంతీయ సహకారం అనగానే జెండాలు, శిఖరాగ్ర సమావేశాలు కళ్లముందు మెదులుతాయి. అసలు యుద్ధమంతా జరిగేది సరకుల జాబితాల్లో. సుంకం లేకుండా సరకు సరిహద్దు దాటాలంటే అది సభ్యదేశంలోనే తయారైందని రుజువు కావాలి. లుసాకాలో ఒక కుట్టు కార్ఖానా ఉందనుకోండి. బట్ట చైనా నుంచి వచ్చింది, చొక్కా ఇక్కడ కుట్టారు. జాంబియా కోమెసాలోనూ ఉంది, దక్షిణ ఆఫ్రికా దేశాల కూటమి సాడెక్‌లోనూ ఉంది. కోమెసా నిబంధన ప్రకారం స్థానికంగా తగినంత విలువ చేరితే ఆ చొక్కా జాంబియాదే, సుంకం లేకుండా కెన్యాకు వెళ్లొచ్చు. సాడెక్ సాధారణ నిబంధన ప్రకారం బట్ట నేయడం కూడా సభ్యదేశంలోనే జరగాలి. కాబట్టి అదే చొక్కా దక్షిణాఫ్రికా దగ్గర పరాయి సరకు. ఒకే చొక్కా, ఒకే కార్ఖానా, రెండు పుట్టుకలు. ఇలాంటి చిక్కులు విప్పడానికే కోమెసా, సాడెక్, తూర్పు ఆఫ్రికా సముదాయం మూడూ కలిపి త్రైపాక్షిక ఒప్పందం తెచ్చాయి. 2015లో సంతకాలు మొదలైతే అమల్లోకి వచ్చింది 2024 జూలైలో. ఖండమంతటికీ వర్తించే ఒప్పందంపై 2018 మార్చిలో రువాండా రాజధాని కిగాలిలో 44 దేశాలు సంతకం చేశాయి. 2021 జనవరి 1న వాణిజ్యం లాంఛనంగా మొదలైంది. కానీ కార్లు, బట్టల విషయంలో ఏది ఆఫ్రికా సరకు అన్న బేరం ఆ తర్వాత కూడా చాలాకాలం తెగలేదు.

కెన్యా పంచదార ఇంకో పాఠం. పశ్చిమ కెన్యాలో చెరకు రైతులు లక్షల్లో ఉన్నారు. అక్కడ పంచదార తయారీ ఖర్చు పొరుగు దేశాలకంటే ఎక్కువ. సుంకం ఎత్తేస్తే చవక సరకు వచ్చిపడి మిల్లులు మూతపడతాయని కెన్యా మొత్తుకుంది. 2002లో కోమెసా దిగుమతులపై పరిమితికి అనుమతిచ్చింది. కొద్దికాలం కోసమని మొదలైన ఆ మినహాయింపును ఇరవై ఏళ్లకు పైగా పొడిగిస్తూ వచ్చారు. అర్థశాస్త్రం పుస్తకం ప్రకారం ఇది తప్పు. చెరకు రైతు ఓటు ప్రకారం ఒప్పు. ఈ రెంటి మధ్య కూర్చుని, ఒప్పందం విరిగిపోకుండా, మిల్లులను బాగుచేసుకోమని షరతులు పెడుతూ, ఏడాదికోసారి అదే చర్చను ఓపికగా జరపడం కోమెసా అధికారి బతుకు. మీకు ఈ పేరా చదువుతుంటే విసుగొచ్చిందా, ఆసక్తి పుట్టిందా? నిజాయితీగా జవాబు చెప్పుకోండి. విసుగొచ్చి ఉంటే మీ అమ్మగారి మాట వినడం మంచిది.

ఫలితం కంటికి కనిపించే చోటు ఒకటి మీకు దగ్గర్లోనే ఉంది, లుసాకాకు దక్షిణాన జాంబెజీ నది మీద చిరుండు. డర్బన్ రేవు నుంచి జింబాబ్వే మీదుగా సరకు జాంబియాకు వచ్చే ముఖ్యమైన దారి, జాంబియా రాగి బయటికి వెళ్లే దారుల్లో ఒకటి అది. ఒకప్పుడు లారీ ముందు జింబాబ్వే వైపు ఆగి తనిఖీ చేయించుకుని, వంతెన దాటి, మళ్లీ జాంబియా వైపు అదే తనిఖీకి నిలబడేది. డ్రైవర్లు రోజుల తరబడి లారీల కిందే వండుకుని తిని పడుకునేవారు. 2009 డిసెంబరులో అక్కడ ఆఫ్రికాలోనే తొలిసారిగా ఒకే చోట తనిఖీ పద్ధతి మొదలైంది. ఉత్తరానికి వెళ్లే బండి జాంబియా వైపు మాత్రమే ఆగుతుంది, దక్షిణానికి వెళ్లేది జింబాబ్వే వైపు మాత్రమే. రెండు దేశాల అధికారులూ ఒకే కప్పు కింద కూర్చుంటారు. వినడానికి తేలికే. కానీ ఒక దేశపు కస్టమ్స్ అధికారి పొరుగు దేశపు నేల మీద నిలబడి సొంత చట్టాన్ని అమలు చేయాలంటే రెండు పార్లమెంటులూ చట్టాలు చేయాలి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా విజయవాడ దారిలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బారులు తీరిన లారీలను చూసిన మనవాళ్లకు దీని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. మనకు ఒకే దేశం, ఒకే పార్లమెంటు ఉండి కూడా అది తేలడానికి ఎన్ని ఏళ్లు పట్టిందో మీకు తెలుసు.

సెలవుల్లో నాన్నగారి దగ్గరికి వెళ్లినప్పుడు చిరుండు వెళ్లి చూడండి. లారీలనే కాదు, తలమీద, సైకిల్ మీద సరకు తెచ్చే చిన్న వర్తకులను చూడండి. ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్ల కోసం కోమెసా సులభ వాణిజ్య విధానం తెచ్చింది: నిర్ణీత విలువ లోపు సరకైతే, ఉమ్మడి జాబితాలో అది ఉంటే, చిన్న ధ్రువపత్రంతో సుంకం లేకుండా దాటొచ్చు. ఆ జాబితా వాళ్లకు తెలుసా, ధ్రువపత్రం చేతికి వస్తోందా, రాకపోతే ఎవరికి ఎంత ముట్టచెబుతున్నారు? ఇవి అడిగి రాసుకోండి. ఆఫ్రికా ఎగుమతుల్లో ఆఫ్రికా దేశాలకే వెళ్లేది సుమారు 15 శాతం అని ప్రతి నివేదికా రాస్తుంది. ఈ ఆడవాళ్లు దాటించే సరకు ఆ లెక్కలో చాలా వరకు ఉండదు.

ఇక మీ నాన్నగారి మాట. అది కొట్టిపారేయదగినది కాదు. సెయింట్ లూసియా ద్వీపానికి చెందిన ఆర్థర్ లూయిస్, తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఘనాకు ఆర్థిక సలహాదారుగా వెళ్లారు. ఆ దేశాన్ని నడుపుతున్న ఎన్‌క్రుమాతో పొసగక రెండేళ్లు నిండకుండానే వెనక్కి వచ్చేశారు. బయటివాడు సలహా ఇవ్వగలడు, నిర్ణయం దేశానిదే. ఈ హద్దును మనస్ఫూర్తిగా ఒప్పుకోగలిగితేనే బయటివాళ్లు అక్కడ పనికొస్తారు. మీరు ఒప్పుకోగలరనే అనుకుంటున్నాను. ఎందుకంటే మీరు పూర్తిగా బయటివారు కూడా కాదు. లుసాకా వీధుల్లో న్యాంజా భాష వింటూ పెరిగిన పిల్ల, అక్కడి మొక్కజొన్న పిండి ముద్ద న్షిమా తిని బడికి వెళ్లిన పిల్ల నివేదికలో రాసే వాక్యం వేరుగా ఉంటుంది.

కానీ మీరు ఉత్తరంలో అడగని ఒక ప్రశ్న ఉంది. నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోచింది అదే. మీ ఇంటి అన్నం హైదరాబాద్ మందుల దిగుమతి మీద వచ్చింది. మీరు చేయాలనుకుంటున్న పని లక్ష్యాల్లో ఒకటి ఆఫ్రికా తన మందులు తానే చేసుకోవడం. కోవిడ్ కాలంలో టీకాలు అందక ఆ ఖండం పడిన బాధ తర్వాత ఈ పట్టుదల ఇంకా పెరిగింది. 2040 నాటికి తమకు కావాల్సిన టీకాల్లో 60 శాతం తామే తయారుచేసుకోవాలని ఆఫ్రికన్ యూనియన్ లక్ష్యం పెట్టుకుంది. ఆఫ్రికా మందుల సంస్థ ఒప్పందం 2021 నవంబరులో అమల్లోకి వచ్చింది, దాని కేంద్ర కార్యాలయం కిగాలిలో. ఈ బల్ల దగ్గర మీరు కూర్చున్న రోజున, దిగుమతి మందులకంటే స్థానిక మందులకు ముందు చోటివ్వాలనే ముసాయిదా మీ చేత్తోనే రాయాల్సి రావచ్చు. అప్పుడు మీరు ఎవరి పక్షం? నా సమాధానం సూటిగా చెబుతాను: జీతం ఎవరిస్తే వారి పక్షం, మనసులో ఏ పీటముడీ లేకుండా. అది చేయలేననిపిస్తే భారతీయ ఎగుమతిదారుల తరఫున పనిచేయండి. అందులో తప్పేమీ లేదు. రెండు పడవల మీద కాళ్లు మాత్రం వద్దు. ఈ సంగతి నాన్నగారితో ఇప్పుడే మాట్లాడండి, ఉద్యోగం వచ్చాక కాదు.

అదే మందుల వ్యాపారం మీకు ఎవరికీ లేని బలం కూడా. ఒక మందును జాంబియాలో అమ్మాలంటే అక్కడి నియంత్రణ సంస్థ జామ్రా దగ్గర నమోదు చేయించాలి. అదే మందును జింబాబ్వేలో అమ్మాలంటే మళ్లీ మొదటి నుంచి. ఒక్కో దేశానికి ఒక్కో దస్తావేజుల కట్ట, ఒక్కో రుసుము, ఒక్కో నిరీక్షణ. ఈ బాధ తగ్గించడానికి జాంబియా, జింబాబ్వే, బోట్స్వానా, నమీబియా నియంత్రణ సంస్థలు 2013లో కలిసి దరఖాస్తులను ఉమ్మడిగా పరిశీలించడం మొదలుపెట్టాయి. జాజిబోనా అని దాని పేరు. తర్వాత ఇంకా కొన్ని దేశాలు చేరాయి. ఏ దేశాధినేతా దాని కోసం శిఖరాగ్ర సమావేశం పెట్టలేదు. నాలుగు కార్యాలయాల్లోని నిపుణులు ఒకరి అంచనాను మరొకరు నమ్మడం నేర్చుకున్నారు, అంతే. అయినా చివరి నమోదు నిర్ణయం ఏ దేశానిది ఆ దేశమే తీసుకుంటుంది. ఉమ్మడి పరిశీలన అయ్యాక దేశాల వారీగా ఎక్కడ, ఎందుకు ఆలస్యమవుతోంది? దీని మీద పరిశోధన చేయడానికి కావాల్సిన అవగాహన మీ నాన్నగారి బల్ల సొరుగులో ఉంది. ఆయన సంస్థ రహస్యాలేవీ మీ రాతల్లోకి రాకూడదు, అది జాగ్రత్త. పద్ధతి ఎలా నడుస్తుందో ఆయన నోటి నుంచి వినడం చాలు. గణాంకాలు నియంత్రణ సంస్థలు ప్రచురించే నమోదు జాబితాల నుంచి తీసుకోండి.

దారుల విషయానికి వస్తే, మీకు అన్నిటికన్నా పెద్ద తలుపు ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో ఉన్న ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు. ఆఫ్రికా వెలుపలి దేశాలు కూడా అందులో సభ్యులే. భారతదేశం 1983 నుంచి సభ్యదేశం. 2017లో దాని వార్షిక సమావేశాలు గాంధీనగర్‌లోనే జరిగాయి. కాబట్టి భారతీయులు అక్కడి ఉద్యోగాలకు అర్హులు. యువ నిపుణుల కోసం ప్రత్యేక నియామక కార్యక్రమం ఉంది. 32 ఏళ్ల వయసు పరిమితి, పోటీ చాలా ఎక్కువ. ఎం.ఏ. కాగితం ఒక్కటే పట్టుకుని వెళితే లోపలికి రానివ్వరు. మూడు నాలుగేళ్ల అనుభవంతో వెళ్లండి. అడెడెజి నడిపిన ఆఫ్రికా ఆర్థిక కమిషన్ ఐక్యరాజ్యసమితిలో భాగం గనుక జాతీయత అడ్డు కాదు, అయినా దాని అధిపతులు మాత్రం మొదటి నుంచీ ఆఫ్రికన్లే. అక్కడ ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు, అడిస్ అబాబా ఖర్చులు మీరే పెట్టుకోవాలి. సరిహద్దు తనిఖీ కేంద్రాల మీద పనిచేసే నైరోబీలోని ట్రేడ్‌మార్క్ ఆఫ్రికా లాంటి సంస్థలను కూడా చూడండి. కోమెసా ప్రాజెక్టుల్లో దాతల నిధులతో నడిచే స్వల్పకాలిక సలహా పనులు ఉంటాయి. శాశ్వత ఉద్యోగం కాదు గానీ, లోపలి పద్ధతులు తెలుస్తాయి.

ఫ్రెంచి ఈ నెలలోనే మొదలుపెట్టండి. హైదరాబాద్‌లోనూ, లుసాకాలోనూ అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది. అబిజాన్‌లో ఫ్రెంచి రాకుండా భోజనం దొరుకుతుంది, పలుకుబడి దొరకదు. బి2 స్థాయి (ధారాళంగా మాట్లాడి, రాయగలిగే స్థాయి) వచ్చేదాకా వదలొద్దు. రెండోది, కస్టమ్స్. హెచ్‌ఎస్ కోడ్ (ప్రతి సరకుకూ కస్టమ్స్‌లో ఉండే అంతర్జాతీయ వర్గీకరణ సంఖ్య) ఎలా చదవాలో, ఒక సరకు ఏ శీర్షిక కింద పడుతుందో, సుంకాల పట్టిక ఎలా ఉంటుందో నేర్చుకోండి. దేశాల మధ్య వాణిజ్యాన్ని అంచనా వేసే గ్రావిటీ మోడల్ నడపగలిగిన ఎం.ఏ.లు చాలామంది ఉన్నారు. సరకు ప్రకటన పత్రం చదవగలిగినవాళ్లు వాళ్లలో అరుదు. ఇందుకు ఏడాది పాటు లుసాకాలో సరకును కస్టమ్స్ నుంచి విడిపించే క్లియరింగ్ ఏజెంటు కార్యాలయంలో ఎక్కడైనా, వర్క్ పర్మిట్ నిబంధనలు అనుమతిస్తే, పనిచేయడం నాకు చాలా మంచిదనిపిస్తుంది. పర్మిట్ కుదరకపోతే అదే పని హైదరాబాద్ ఎగుమతి సంస్థల దగ్గర, ఆఫ్రికాకు సరకు పంపే విభాగంలో దొరుకుతుంది. పీహెచ్‌డీ గురించి ఇప్పుడే తొందర వద్దు. ప్రశ్న దొరికాక వెళితే నాలుగేళ్లు వృథా కావు.

అన్నయ్య చెప్పే డేటా నైపుణ్యం ఈ పనికి అవసరమే. దాని కోసం అమెరికా దాకా అప్పు చేసి వెళ్లక్కర్లేదు. అమ్మగారి భయం డబ్బు గురించి, పెళ్లి గురించి, దూరం గురించి కావచ్చు. వాటిలో డబ్బు గురించి నేను హామీ ఇవ్వలేను. మొదటి నాలుగైదేళ్లు ఒప్పంద ఉద్యోగాలే ఉంటాయి, మధ్యలో ఖాళీ నెలలూ ఉంటాయి. బ్యాంకు పరీక్ష ఒకసారి రాసి చూడండి, అమ్మగారికి ఊరటగా ఉంటుంది. వస్తే మాత్రం వెంటనే చేరిపోకుండా నాకు మరో ఉత్తరం రాయండి.

ఈలోగా ఒక పని. నాన్నగారు అమ్మే మందుల్లో ఒక్కటి ఎంచుకోండి, మలేరియాదో మధుమేహానిదో. దాని హెచ్‌ఎస్ కోడ్, జాంబియాలో దాని మీద సుంకం, జామ్రాలో నమోదుకు పట్టిన కాలం, పొరుగున ఉన్న మలావికి అదే మందు పంపాలంటే అడిగే కాగితాలు, డర్బన్ నుంచి గానీ దార్ ఎస్ సలాం నుంచి గానీ లుసాకా చేరడానికి పట్టే రోజులు, ఇవన్నీ నాలుగు పేజీల్లో రాయండి. రాసింది ముందు నాన్నగారికి చూపించండి. ఆయన దిద్దాక నాకు పంపండి, నేను చదివి రాస్తాను.